నాలుగు వందల అశ్వశక్తికి ఇంకా ఏమి చేర్చాలి?

కొత్త కారు ఇంటికి వచ్చిన వారం తిరగకుండానే దానికి ఏవేవో అమర్చాలన్న కోరిక కలగడం మన దేశంలో వింత కాదు. సీట్లకు కవర్లు, ముందు బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ, వెనుక అద్దం మీద పిల్లల పేర్లు - వీటివల్ల ఎవరికీ హాని లేదు. నాలుగు వందల అశ్వశక్తి గల కారు విషయంలో ఈ కోరిక మరొక రూపం దాల్చుతుంది. అట్టి కారు యజమాని ఆశించేది అలంకారం కాదు. మరింత బలం, మరింత వేగం, ముఖ్యంగా మరింత ధ్వని. ఈ మూడింటిలో ఏది పొందదగినది, ఏది కాదు, దేనికి ఎంత మూల్యం చెల్లించవలసి ఉంటుంది అన్న విచారణ ఢిల్లీ వంటి నగరంలో ఆ యజమానికి మాత్రమే సంబంధించినది కాదు. ఆ రోడ్డు మీదనే తక్కిన వారందరూ నడుస్తున్నారు.

అమెరికనులు "మజిల్ కారు" అని పిలిచే ఈ జాతి 1964 ప్రాంతంలో ప్రసిద్ధికి వచ్చినది. ఆ సంవత్సరం పాంటియాక్ సంస్థ మధ్యతరహా కారులో 6.4 లీటర్ల పెద్ద ఇంజనును అమర్చి జి.టి.ఓ. అనే పేరుతో అమ్మినది. సూత్రం అతి సులభం: సామాన్యమైన శరీరం, అసామాన్యమైన గుండె. అదే సంవత్సరం ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ సంస్థ మస్టాంగ్‌ను ఆవిష్కరించినది. నిక్కచ్చిగా మాట్లాడేవారు మస్టాంగ్‌ను "పోనీ కారు" అంటారే తప్ప మజిల్ కారు అనరు. ఆ తగవు వారికే వదలిపెడదాము.

మన దేశంలో ఈ జాతికి ప్రతినిధి మస్టాంగే అయినది. 2016 ఆరంభంలో ఢిల్లీలోను, ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడాలో జరిగిన ఆటో ఎక్స్‌పోలోను ప్రదర్శించి, జులైలో అమ్మకానికి పెట్టారు. ఢిల్లీ షోరూమ్ ధర 65 లక్షల రూపాయలు. 4,951 ఘనపు సెంటీమీటర్ల వి-8 ఇంజను, 401 అశ్వశక్తి. ఇదే ఇంజను అమెరికాలో 435 అశ్వశక్తి ఇచ్చేది. మన దేశానికి వచ్చేసరికి కొంత తగ్గించారు. ఈ అంకెల అర్థం తెలియాలంటే 1983 డిసెంబరులో గుడ్‌గావ్ కర్మాగారం నుండి వెలువడిన మారుతి 800ను తలచుకుంటే చాలును. అది 40 అశ్వశక్తికి మించలేదు. పది మారుతి కార్ల బలం ఒక్క బానెట్టు క్రింద ఇమిడినదన్నమాట. అయినను, ఆ తగ్గించిన ముప్పై నాలుగు గుర్రాలను తిరిగి రాబట్టుకోవాలన్న పట్టుదల మొదటి రోజు నుండే యజమానుల మనసులో మొలకెత్తినదంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

అమెరికాలో ఈ విద్యకు గురువుగా పేరొందినవాడు కరోల్ షెల్బీ. 1965లో ఆయన ఫోర్డ్ కోరికపై మస్టాంగ్‌ను పందెపు కారుగా మార్చి జి.టి. 350 అనే పేరు పెట్టాడు. 271 అశ్వశక్తి ఇంజనుకు కొత్త ఇన్‌టేక్ మానిఫోల్డు, పెద్ద కార్బ్యురేటరు, మెరుగైన పొగగొట్టాలు అమర్చి 306కు పెంచాడు. పెరిగినది 35 మాత్రమే. ఆయన శ్రమ అంతటితో ఆగలేదు. ముందు చక్రాల సస్పెన్షను బిగింపు స్థానాన్ని క్రిందికి దించాడు, ముందు డిస్కు బ్రేకులు, వెనుక పెద్ద డ్రమ్ములు పెట్టాడు, స్టీరింగును సరిచేశాడు, పందెపు నిబంధనల ప్రకారం రెండు సీట్ల కారుగా లెక్కకు రావడానికి వెనుక సీటునే తీసివేశాడు. ఇంజనుకు కొద్దిగా, ఆపడానికీ తిప్పడానికీ ఎక్కువగా - ఇదీ ఆయన పాళ్ళు. మన దుకాణాలలో ఈ పాళ్ళు తలక్రిందులుగా కనిపిస్తాయి.

ఢిల్లీలో కారు విడిభాగాలకు కశ్మీరీ గేటు, అలంకార సామగ్రికి కరోల్ బాగ్ పేరు మోసినవి. ఖరీదైన కార్ల యజమానులు నోయిడా, గుడ్‌గావ్ పరిసరాలలోని ప్రత్యేక వర్క్‌షాపులకు వెళతారు. ఎక్కడికి వెళ్ళినను మొదట అడిగేది సైలెన్సరు మార్చడం గురించే. వి-8 ఇంజను గర్జన వినసొంపుగా ఉంటుందని అందరూ ఒప్పుకుంటారు, రాత్రి పదకొండు గంటలకు ఆ వీధిలో పసిపిల్లను నిద్రపుచ్చుతున్న తల్లి తప్ప. చట్టం దృష్టిలో ప్రయాణికుల కారు నిర్ణీత పరీక్షలో 74 డెసిబెళ్ళకు మించరాదు. డెసిబెల్ లెక్క సామాన్యమైన కూడిక కాదు; పది పెరిగితే ధ్వనిశక్తి పది రెట్లు, ఇరవై పెరిగితే నూరు రెట్లు. ధ్వని, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించిన వారికి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను క్రింద మూడు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత కూడా కలదు. సైలెన్సరుతో పాటు దాని ముందున్న క్యాటలిటిక్ కన్వర్టరును కూడా తీసివేసే పని మరింత హీనమైనది. శీతకాలంలో కనుచూపు మేర పొగమంచు కప్పే నగరంలో అయిదారు అశ్వశక్తి కోసం విషవాయువులను శుద్ధి చేసే పరికరాన్ని పెరికివేయడాన్ని ఏ విధంగాను సమర్థించలేము.

చట్టం సంగతి ఇంకా ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేట్లు వాహనాన్ని మార్చరాదని చెప్పుతున్నది. ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2019 జనవరి 9న కేరళ నుండి వచ్చిన ఒక కేసులో ఖచ్చితంగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణ చట్టం 182-ఎ సెక్షను ద్వారా, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి అయిదువేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని శిక్షను కూడా నిర్ణయించినది. "ఒక్కొక్కదానికి" అన్న మాటను గమనించవలెను. బీమా సంస్థకు తెలుపకుండా ఇంజను బలం పెంచిన కారుకు ప్రమాదం జరిగినప్పుడు పరిహారం నిరాకరించడానికి ఆ సంస్థకు సాకు దొరుకుతుంది. అరవై లక్షల కారుకు ఇది చిన్న విషయం కాదు.

ఇక ఇంజను వద్దకు వద్దాము. ఇప్పటి ఇంజనును నడిపేది ఒక చిన్న కంప్యూటరు. ఏ క్షణాన ఎంత పెట్రోలు చిమ్మాలి, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలి అన్నది దానిలోని పట్టికలలో వ్రాసి ఉంటుంది. ఆ పట్టికలను తిరగవ్రాయడాన్నే "రీమ్యాప్" అంటారు. టర్బో గల ఇంజనుకు దీనివల్ల గణనీయమైన లాభం ఉంటుంది, గాలి ఒత్తిడిని పెంచవచ్చును గనుక. మస్టాంగ్ వి-8 వంటి సహజంగా గాలి పీల్చుకునే ఇంజనులో పెంచడానికి ఒత్తిడే లేదు, లాభం స్వల్పం.

ప్రమాదం మాత్రం స్వల్పం కాదు. దీనికి కారణం పెట్రోలు. ఈ ఇంజనులో గాలి, పెట్రోలు మిశ్రమం పదకొండవ వంతుకు కుదించబడుతుంది. అంత ఒత్తిడిలో నాసిరకపు పెట్రోలు నిప్పురవ్వతో క్రమంగా మండక, మిగిలిన భాగం తనంతట తానే భగ్గుమంటుంది. దీనినే "నాకింగ్" అంటారు. లోపల సుత్తితో కొట్టినట్లుంటుంది; పట్టించుకోకపోతే పిస్టను పగులుతుంది. నాకింగును తట్టుకునే గుణాన్ని ఆక్టేన్ సంఖ్యతో కొలుస్తారు. కంపెనీ అమర్చిన పట్టికలలో భద్రత కోసం కొంత వెసులుబాటు ఉంటుంది. నాకింగ్ సూచన అందగానే కంప్యూటరు నిప్పురవ్వను ఆలస్యం చేసి ఇంజనును కాపాడుతుంది. రీమ్యాప్ చేసేవాడు బలం కోసం ముందుగా హరించేది ఈ వెసులుబాటునే.

ఇక్కడ ఒక మాయ ఉన్నది. అమెరికాలో తయారైన రీమ్యాప్ పట్టికలు తరచు అక్కడి 93 ఆక్టేన్ పెట్రోలు కోసం వ్రాసినవి. మన పంపులో చాలాకాలం దొరికిన సాధారణ పెట్రోలు 91. తేడా రెండే కదా అనిపిస్తుంది. కాని రెండు అంకెలూ ఒకే కొలతలో లేవు. మనది "రీసెర్చి" పద్ధతి. అమెరికనులది రీసెర్చి, మోటారు అనే రెండు పద్ధతుల సగటు. అక్కడి 93 మన కొలతలో సుమారు 98 అవుతుంది. అంటే లోటు రెండు కాదు, ఏడు. మన 91 వారి దేశంలో అతి చవకైన 87తో సమానం. ఈ లెక్క తెలియక పట్టికను తెచ్చి ఎక్కించుకున్న ఇంజను, మండు వేసవిలో ఎత్తయిన ఫ్లైఓవరు ఎక్కుతున్నప్పుడు ఏమి అనుభవిస్తుందో ఊహించవచ్చును.

అధిక ఆక్టేన్ పెట్రోలు మనకు లేకపోలేదు. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ మథుర రిఫైనరీలో తయారైన 100 ఆక్టేన్ పెట్రోలును "ఎక్స్‌పి 100" పేరుతో విడుదల చేసినది. మొదటి పది నగరాలలో ఢిల్లీ, గుడ్‌గావ్, నోయిడా ఉన్నాయి. మరొక మార్పు ఇథనాల్ ద్వారా వచ్చినది. 2025 నాటికి దేశంలో పెట్రోలుకు ఇరవై శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం నెరవేరినది. ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచుతుంది గాని, దానిలోనే ప్రాణవాయువు ఉన్నందున గాలి పాళ్ళు మారుతాయి. వట్టి పెట్రోలు ఒక పాలు సంపూర్ణంగా మండడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇరవై శాతం ఇథనాల్ మిశ్రమానికి సుమారు 13.5 చాలును. రీమ్యాప్ చేస్తానని ముందుకు వచ్చిన నిపుణుణ్ణి "ఏ పెట్రోలుకు లెక్క కట్టారు?" అని అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పలేకపోతే తాళంచెవి తీసుకుని ఇంటికి రావడమే మేలు.

పెట్రోలు తరువాత గాలి. ఇరవై అయిదు డిగ్రీల గాలితో పోల్చితే నలభై అయిదు డిగ్రీల గాలి సుమారు ఆరు శాతం పలుచన. జూన్ మధ్యాహ్నం నాలుగు వందల అశ్వశక్తి ఇంజను, ఏ దోషమూ లేకుండానే, పాతిక గుర్రాలను పోగొట్టుకుంటుంది. ఎయిర్ ఫిల్టరు పెట్టెను తీసివేసి తెరచి ఉన్న ఫిల్టరును అమర్చితే అది బానెట్టు క్రింది వేడిగాలినే పీల్చి మరికొంత నష్టం కలిగిస్తుంది. నూనె పూసిన నూలు ఫిల్టర్లు గాలిని సులభంగా వదలుతాయన్నది నిజమే, ధూళిని కూడా కొంత సులభంగానే వదలుతాయి. రాజస్థాన్ నుండి ధూళి తుఫాను వచ్చే ఊళ్ళో కాగితపు ఫిల్టరును తరచు మార్చుకోవడమే తెలివి. గాలి గొట్టాన్ని చల్లని గాలి కోసం బంపరు లోపలికి దించేవారూ ఉన్నారు. వర్షాకాలంలో మింటో బ్రిడ్జి క్రింద నిలిచే నీటిని చూసినవారు ఆ పని చేయరు. సిలిండరులో నీరు చేరితే పిస్టను కుదించలేదు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఇంజను అక్కడితో సరి.

సూపర్‌చార్జరు ఒక్కటే నిజంగా బలాన్ని పెంచేది. ఇంజను తిప్పే పంపు గాలిని బలవంతంగా లోపలికి త్రోస్తుంది. ఈ ఇంజనును ఆరు వందల అశ్వశక్తి దాటించే కిట్లు అమెరికాలో దొరుకుతాయి. దానితోపాటు పెద్ద ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు, గాలిని చల్లబరచే ఇంటర్‌కూలరు, కొత్త పట్టికలు అవసరం. గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనుక టైర్ల మీద భారం పెరుగుతుంది. పైన చెప్పిన చట్టం చిక్కు ఎటూ ఉన్నది. పైగా మస్టాంగ్ అమ్మకాలు 2020లో భారత్ స్టేజ్-6 ప్రమాణాలతో ఆగినవి. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీని విరమిస్తున్నట్లు ప్రకటించినది. చెడిన ఇంజనుకు భాగాలు సముద్రం దాటి రావలసి ఉంటుంది, సుంకంతో సహా.

కారును క్రిందికి దించే స్ప్రింగుల గురించి రెండు మాటలు చాలును. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడు బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా వంగి ఉండాలి. మన కాలనీలలో ఆ ప్రమాణాన్ని చదివి కట్టినవారు ఎవరో కనిపించరు.

మిగిలినవి బ్రేకులు, టైర్లు. నన్నడిగితే మొదటి రూపాయి వీటిపైనే ఖర్చు చేయవలెను. వేగం రెట్టింపైతే చలనశక్తి నాలుగు రెట్లవుతుంది. 1,700 కిలోల కారును గంటకు 200 కిలోమీటర్ల వేగం నుండి ఆపితే బ్రేకులలో పుట్టే వేడి, ముప్పై డిగ్రీల వద్ద ఉన్న తొమ్మిది లీటర్ల నీటిని మరిగే స్థితికి తేగలదు. ఆ పని కొన్ని సెకన్లలో జరగాలి. ఆ వేడి బ్రేకు ఆయిలుకు సోకుతుంది. డాట్-4 రకం ఆయిలు కొత్తదైతే కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. గాలిలోని తేమను పీల్చుకున్న పిమ్మట ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన ఆయిలులో బుడగలు లేస్తాయి, పెడలు నేలను తాకుతుంది, కారు ఆగదు. ఈ ఆయిలు మార్పించడానికి అయ్యే ఖర్చు సైలెన్సరు ఖరీదులో ఏ మూలకూ రాదు. దీనికి ఏ అధికారి అనుమతీ అక్కరలేదు. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనుకాడినట్లు, లక్షలు పోసి శబ్దం కొన్నవారు అయిదారేళ్ళ నాటి టైర్లతో తిరగడం విచిత్రం. కంపెనీ సూచించిన కొలతలోనే మంచి పట్టు గల టైర్లు, వేడికి తట్టుకునే ప్యాడ్లు, కొత్త బ్రేకు ఆయిలు - ఈ మూడింటితో కారు మరొక కారవుతుంది.

ఆ బలాన్ని చూసుకోవడానికి స్థలం ఏది? 2012లో ప్రారంభమైన 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్ల వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు, పొగమంచు కాలంలో 75. దాని ప్రక్కనే గ్రేటర్ నోయిడాలో 5.125 కిలోమీటర్ల బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ ఉన్నది. 2011 నుండి 2013 వరకు మూడేళ్ళు అక్కడ ఫార్ములా వన్ పందేలు జరిగినవి; మూడింటిలోను సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. ట్రాక్ దినం ఏర్పాటైనప్పుడు సొంత కారుతో అక్కడికి వెళ్ళేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. వేగంగా నాలుగు చుట్లు తిరిగి వచ్చి వెంటనే కారును నిలిపి చేతి బ్రేకు బిగించరాదు. కాలిన డిస్కుకు ప్యాడు అంటుకుపోయి, తరువాత ప్రతి బ్రేకుకూ స్టీరింగు అదురుతుంది. చివరి చుట్టు బ్రేకు ముట్టకుండా నిదానంగా తిప్పి, లోపలికి వచ్చిన పిమ్మట గేరును పార్కింగులో వేసి, చక్రం క్రింద చెక్క దిమ్మె పెట్టి, బానెట్టు తెరచి ఉంచాలి.