ఒకే చంద్రుడు, రెండు పంచాంగాలు, ఒకటే బజారు

మన ఇళ్ళలో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరును ఒకసారి నిదానంగా చూడండి. మధ్యన పెద్ద అంకెలో ఇంగ్లీషు తేదీ ఉంటుంది. దాని పక్కన చిన్న అక్షరాలలో తిథి, నక్షత్రం, వర్జ్యం ఉంటాయి. ఒక మూలన అరబ్బీ నెల, తేదీ ఉంటాయి. పాలవాడి లెక్క రాసుకోవడానికి తప్ప ఆ గళ్ళవైపు మనం పెద్దగా చూడం. కాని హైదరాబాదు లాంటి నగరంలో ఏ పండుగ ఏ పండుగతో ఎదురుపడుతుందో, ఏ వీధిలో ఎప్పుడు ఇరుకవుతుందో ఆ చిన్న అక్షరాలలోనే రాసి ఉంటుంది.

2023 సెప్టెంబరు 28 గడిలో ఒకవైపు అనంత చతుర్దశి, అంటే గణేశ్ నిమజ్జనం. మరోవైపు రబీఉల్ అవ్వల్ 12, మీలాదున్నబీ. బాలాపూర్ నుండి బయలుదేరే నిమజ్జన ఊరేగింపు చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు వెళుతుంది. మీలాద్ జులూస్ కూడా చార్మినార్ ప్రాంతానిదే. రెండూ ఒకే రోజు ఒకే దారిన రావడం జరిగే పని కాదు. పోలీసు అధికారులు, ఇరువైపుల పెద్దలు కూర్చున్నారు. జులూస్‌ను అక్టోబరు 1కి జరుపుకోవడానికి మనవాళ్ళు ఒప్పుకొన్నారు. 2024లో మీలాద్ సెప్టెంబరు 16, నిమజ్జనం 17. జులూస్ 19న జరిగింది. 2025లో మీలాద్ సెప్టెంబరు 5, అదీ శుక్రవారం. మరునాడే నిమజ్జనం. ఈసారి జులూస్‌ను 14కు జరిపారు. ముంబైలోనూ 2023, 2024 సంవత్సరాలలో మీలాద్ జులూస్‌ను ఇలాగే వాయిదా వేసుకున్నారు.

వరుసగా మూడేళ్ళు ఇలా జరిగేసరికి కొందరు యువకులు అడుగుతున్నారు: "ఉస్తాద్, ఇదేమిటి? కావాలనే మన రోజున పెట్టుకుంటున్నారా?" అవతలి వీధిలోనూ ఎవరో ఒకరు సరిగ్గా ఇదే మాట తిప్పి అంటూ ఉంటారు. అందుకే ఈ లెక్క మన పిల్లలకు ఒకసారి విడమరచి చెప్పాలి.

మన హిజ్రీ నెల చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది. తెలుగువారి చైత్రం, వైశాఖం కూడా చంద్రుణ్ణి బట్టే. అమావాస్య మరునాడు వారికి పాడ్యమి. మనం కంటితో నెలవంకను చూసి నెల మొదలుపెడతాం కనుక మన ఒకటో తేదీ సాధారణంగా వారి విదియకో తదియకో వస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాదంతా వేళ్ళమీద లెక్కే. మన పన్నెండో తేదీ వారి త్రయోదశి, చతుర్దశి దగ్గర పడాలి. పడుతుంది కూడా. రబీఉల్ అవ్వల్, భాద్రపదం కలిసి నడిచిన ఏడు మీలాద్, నిమజ్జనం పక్కపక్కన రాక తప్పదు. ఎవరో కుట్ర చేసి పెట్టిన ముహూర్తం కాదది.

మరి ఏటా ఎందుకు కలవవు? చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు. సూర్యుని లెక్కన 365. ఏటా పదకొండు రోజుల తేడా. మూడేళ్ళయ్యేసరికి నెల పైబడుతుంది. ఋతువులతో పండుగలు తప్పిపోకుండా పంచాంగకర్తలు రెండు మూడేళ్ళకోసారి ఒక అధిక మాసాన్ని చేరుస్తారు. మనకు ఆ వెసులుబాటు లేదు. ఇస్లాంకు ముందు అరబ్బులు తమ అవసరం కొద్దీ నెలలను ముందుకూ వెనుకకూ జరిపే 'నసీ' అనే అలవాటు పెట్టుకొన్నారు. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 36, 37 ఆయతులు నెలలు పన్నెండేనని స్పష్టం చేసి ఆ అలవాటును నిషేధించాయి. అందువల్లనే మన రంజాన్ ఒకప్పుడు చలికాలంలోనూ, మరొకప్పుడు 2018లో లాగా మే నెల ఎండల్లోనూ వస్తుంది. ధనిక దేశమైనా పేద దేశమైనా, ఉత్తరాన ఉన్నవారైనా దక్షిణాన ఉన్నవారైనా, అందరికీ తేలిక రోజాలూ కష్టమైన రోజాలూ వంతులవారీగా అందుతాయి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఒక అధిక మాసానికీ మరో అధిక మాసానికీ మధ్య రెండు పంచాంగాలూ జోడెడ్లలా కలిసి నడుస్తాయి. అధిక మాసం రాగానే ఒక నెల పక్కకు జరుగుతాయి. 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆ వెంటనే మొదలైన జోడీ మూడు భాద్రపదాలు సాగింది. 2026లో జ్యేష్ఠానికి అధిక మాసం. దాంతో మీలాద్ శ్రావణంలోకి జరిగి, వినాయక చవితికి చాలా ముందే వచ్చేస్తుంది. ఇలా పన్నెండు నెలలూ తిరిగి మొదటికి రావడానికి 32, 33 ఏళ్ళు పడుతుంది. ఇంతకు ముందు 1991, 1992లో రబీఉల్ అవ్వల్ భాద్రపదంతో కలిసింది. మళ్ళీ కలిసేది 2050ల దశకంలో. ఇప్పుడు జులూస్‌లో జెండా పట్టుకొన్న కుర్రవాడు అప్పటికి తాతయ్యి ఉంటాడు.

మీలాద్ ఒక్కటే కాదు, ఈ మధ్య కాలమంతా ఇలాంటి కలయికలే. 2022 మార్చి 18న హోళీ, అదే రాత్రి షబె బరాత్. 2023 ఏప్రిల్ 22న ఈదుల్ ఫిత్ర్, అక్షయ తృతీయ. అంటే ఒకే రోజున బట్టల దుకాణమూ బంగారం దుకాణమూ కిటకిటలాడాయి. 2024లో ఉగాది ఏప్రిల్ 9, ఈద్ 11. మరుసటి ఏడు మార్చి 30న ఉగాది, 31న ఈద్. ఒకనాడు పక్కింటి నుండి పచ్చడి గిన్నె వస్తే మరునాడు అదే గిన్నెలో షీర్ ఖుర్మా వెళ్ళింది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదన్న మన అమ్మీల పట్టింపుకు ఇంత వీలైన పండుగ ఎప్పుడు వస్తుంది!

మొహర్రం సంగతి మరీ చెప్పుకోదగినది. ఆషూరా మన పదో తేదీ, ఆ లెక్కన వారి ఏకాదశి. 2024 జూలై 17న, 2025 జూలై 6న ఆషూరా, తొలి ఏకాదశి ఒకే రోజున వచ్చాయి. ఆషాఢం అంటే హైదరాబాదులో బోనాలు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి దగ్గరకు, ఆ తరువాత పాతబస్తీ లాల్‌దర్వాజకు ఆదివారాలవారీగా సాగే జాతర అది. బీబీ కా అలం దబీర్‌పురా నుండి చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్‌కు ఏనుగు మీద వెళుతుంది. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం కూడా ఏనుగు మీదనే ఊరేగుతుంది. అలం ఊరేగిన బజార్లలోనే కొద్దిరోజులకు ఘటం ఊరేగుతుంది. 2025లో ఆషూరా ఆదివారమే అయింది. కాని సికింద్రాబాదు బోనాలు 13న, పాతబస్తీ బోనాలు 20న. వంతులవారీగా జరుపుకొనే ఆ పాత ఏర్పాటు వల్ల దారి దానంతటదే దొరికింది. ఇక తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగను ముస్లిములకన్నా ఎక్కువమంది హిందువులే చేసే ఊళ్ళున్నాయి. అందులోని కొన్ని ఆచారాలను ఉలమా మెచ్చరు, నేనూ మెచ్చను. కాని కర్బలా అమరుల పేరు విని కళ్ళు తడి చేసుకొనే ముసలమ్మను ఊళ్ళోవాళ్ళ మధ్య తప్పుబట్టడం కూడా నాకు చేతకాదు.

1591లో ఈ నగరాన్ని కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో ఈద్ మీద, షబె బరాత్ మీద రాసినట్లే బసంత్ మీద, మృగశిర వానల మీద కూడా కవితలు రాశాడు. పాలకునికి పండుగల జాబితా ఒకటే ఉండేది, రెండు కాదు.

అయితే ఈ నగరం ఎప్పుడూ ఇంత సాఫీగా ఉందని చెబితే అది అబద్ధం. 1980ల మొదటి సంవత్సరాలలో పండుగ వచ్చిందంటే పాతబస్తీలో తల్లులకు గుండెలో దడ. 1984 సెప్టెంబరులో నిమజ్జనం రోజులలో చెలరేగిన అల్లర్లు, ఆ తరువాతి కర్ఫ్యూ మా వయసువారికి గుర్తే. నేను అప్పుడు మదర్సాలో చదువుకొనే పిల్లవాణ్ణి. కర్ఫ్యూ సడలించిన కాస్త సమయంలో కూరగాయల కోసం పరిగెత్తడం, వంటగదిలో పప్పు రోజురోజుకూ పలచబడిపోవడం చూశాను. ఆ వారం రిక్షా తొక్కేవాడికీ, గాజుల బండివాడికీ, రోజు కూలీకీ పొయ్యి వెలగలేదు. వారిలో రెండు మతాలవాళ్ళూ ఉన్నారు. పండుగ ఎవరిదైనా నష్టపోయేది వీరే.

అందుచేత జులూస్ మూడు రోజులు ఆగిందా, తొమ్మిది రోజులు ఆగిందా అన్నది చిన్న విషయం కాదు. "ప్రతిసారీ మనమే ఎందుకు ఆగాలి?" అని అడిగే యువకుణ్ణి కసురుకోవడమూ న్యాయం కాదు. ఆ ప్రశ్న వెనుక బాధ ఉంది. దానికి సమాధానం చెప్పాలి.

హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) సుమారు 1400 మంది సహాబాలతో ఉమ్రా కోసం బయలుదేరారు. ఇహ్రాం కట్టుకొని ఉన్నారు, బలి పశువులు వెంట ఉన్నాయి. మక్కాకు దగ్గరలో హుదైబియా వద్ద ఖురైషులు అడ్డుకొన్నారు. ఈ ఏడు వెనక్కి వెళ్ళండి, వచ్చే ఏడు మూడు రోజులకు రండి అన్నారు. ఒప్పందంలో 'రసూలుల్లాహ్' అన్న మాట కూడా ఉండకూడదన్నారు. ప్రవక్త (స) దానినీ తీయించారు. హజ్రత్ ఉమర్ (ర) అంతటివారే తట్టుకోలేకపోయారు. తలలు గొరిగించుకొని ఇహ్రాం విప్పండని చెప్పినా దుఃఖంలో ఎవరూ కదలలేదు. అప్పుడు సలహా ఇచ్చినది గుడారంలో ఉన్న హజ్రత్ ఉమ్మె సల్మా (ర): ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా మీరు వెళ్ళి మీ పశువును బలి ఇచ్చి తల గొరిగించుకోండి అన్నారు. ఆయన అలాగే చేశారు, అందరూ అనుసరించారు. తిరుగు దారిలో అవతరించిన ఫతహ్ సూరా ఆ వెనుదిరగడాన్నే స్పష్టమైన విజయం అన్నది. కాబా దర్శనాన్నే ఏడాది వాయిదా వేసుకొన్న ఉమ్మత్‌కు ఒక ఊరేగింపును వారం జరపడం అవమానమెలా అవుతుంది?

ఇంకో సంగతి. ఏది జరపవచ్చు, ఏది జరపకూడదు అన్నది మనకు తెలియాలి. ఈద్ నమాజు, ఆషూరా రోజా, జుమా, ఇవి వేళ తప్పించేవి కావు. 2025 మార్చి 14న హోళీ రంజాన్ రెండవ జుమా రోజున వచ్చింది. జుమా వేళకు జుమాయే. వినాయకుణ్ణి చతుర్దశికి నిమజ్జనం చేయాలన్నది వారికీ తిథితో ముడిపడినదే. కాని మీలాద్ జులూస్ ఫర్జ్ కాదు, సున్నత్ అని కూడా ఎవరూ అనరు. అసలు జులూస్ గురించే ఉలమాలో భిన్నాభిప్రాయాలున్నాయి, ఆ చర్చ ఇక్కడ వద్దు. ఆ రోజున దరూద్ చదవడానికీ, సీరత్ వినడానికీ, పేదకు అన్నం పెట్టడానికీ బజారు ఖాళీ కానక్కరలేదు. ఖుర్బానీకి షరీఅత్ 10, 11, 12 తేదీలు, మూడు రోజులిచ్చింది. 2023 జూన్ 29న బక్రీద్, ఆషాఢ ఏకాదశి కలిసినప్పుడు మహారాష్ట్రలో పలుచోట్ల ముస్లిములు నమాజు ఆ రోజే చేసుకొని ఖుర్బానీని మరునాటికి పెట్టుకొన్నారు. షరీఅత్ ఇచ్చిన వీలును పొరుగువారి కోసం వాడుకోవడమంటే ఇదే.

ఇచ్చిపుచ్చుకోవడం అన్నప్పుడు పుచ్చుకోవలసినవీ అడగాలి. మసీదు ముందు డప్పులు ఆపడం, అజాన్ వేళ మైకు తగ్గించడం, జెండా కట్టడానికి పరాయి ఇంటి గోడను వాడకపోవడం, వీటిని గట్టిగానే అడగవచ్చు. కాని అడిగేవాడి నోటికి విలువ ఉండాలి. ఈ మధ్య మన జులూస్‌లలోనూ చెవులు పగిలే డీజే పెట్టెలు, సైలెన్సర్ తీసేసిన మోటారు సైకిళ్ళు కనబడుతున్నాయి. రోగి నిద్రకు భంగం కలిగించే ఊరేగింపు ఏ రంగు జెండాతో వెళ్ళినా ఒకటే. ఇది నేను మా బస్తీ కుర్రాళ్ళ ముఖం మీదే అంటాను.

ఒక లోటు మాత్రం ప్రతిసారీ కనబడుతుంది. పండుగ నెత్తిమీదికి వచ్చాక పోలీసు స్టేషనులో శాంతి కమిటీ కూర్చుంటుంది. క్యాలెండరు మాత్రం జనవరిలోనే గోడకెక్కింది కదా! మసీదు కమిటీ, గుడి కమిటీ, మండపాలవాళ్ళు ఆ కాగితాన్ని ముందు పెట్టుకొని ఏడాది మొదట్లోనే ఒక గంట మాట్లాడుకొంటే, చివరి వారంలో పుకార్లకు చోటుండదు.

ఆ లెక్కన చూడవలసిన గడి ఒకటుంది. 2027లో రంజాన్ మాఘ మాసంతో కలిసి నడుస్తుంది. మహాశివరాత్రి మార్చి 6. మాఘ బహుళ చతుర్దశి కనుక అది మన చివరి పది రాత్రులలో, ఇరవై ఏడో రాత్రి చుట్టుపక్కల పడుతుంది. ఒకవైపు షబె ఖద్ర్ జాగారం, మరోవైపు శివరాత్రి జాగరణ. మసీదులో తరావీహ్, ఆ తరువాత తహజ్జుద్. గుడిలో తెల్లవార్లూ భజన. మధ్యలో రాత్రంతా తెరచి ఉండే చాయ్ హోటలు. ఏ మైకు ఎన్ని గంటలకు ఆగాలి, సహరీ వేళకు బండ్లు ఏ పక్క నిలపాలి, ఆడవాళ్ళు వచ్చే దారి ఏది, ఈ మూడు మాటలు గోడకు అటూ ఇటూ ఉన్న పెద్దలు తేల్చుకోవలసినవి.