గేటు బయట పెరిగిన నగరం

విశాఖపట్నంలో ఓడరేవు కట్టింది విశాఖవాసుల కోసం కాదు. మధ్య పరగణాల మాంగనీసును సముద్రం దాటించడానికి దగ్గరి దారి కావాల్సి వచ్చింది. అందుకని రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలు మార్గం వేశారు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న చిత్తడి నేలను తవ్వారు. అలల పోటు ఆపడానికి రెండు పాత ఓడలను అడ్డంగా ముంచారు. 1933లో రేవు తెరిచేనాటికి విశాఖ చిన్న పట్నం. 2011 జనాభా లెక్కల్లో 17 లక్షలు దాటింది. గాజువాక, శివారు గ్రామాలు కార్పొరేషన్‌లో కలవడం వల్ల పెరిగిన అంకె కూడా అందులో ఉంది. అయితే ఆ గ్రామాలను పట్నంలా మార్చింది కూడా పరిశ్రమలే.

ఒక పరిశ్రమ ఇంకో పరిశ్రమను పిలుస్తుంది. రేవు ఉంది కాబట్టి వాల్‌చంద్ హీరాచంద్ ఇక్కడ నౌకా నిర్మాణ కేంద్రం పెట్టారు. అందులో తయారైన ‘జల ఉష’ను 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించారు. ముడిచమురు ఓడల్లో వస్తుంది కాబట్టి 1957లో కాల్‌టెక్స్ రిఫైనరీ వచ్చింది. ఎరువుల ముడిసరుకు దించుకోవడానికి వీలుంది కాబట్టి 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం వచ్చింది. ఇలాంటి కర్మాగారాలకు కావాల్సిన భారీ పాత్రలు చేయడానికి బీహెచ్‌పీవీ వచ్చింది. ఆ తర్వాత, దాని కోసం జరిగిన 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చాక, ఉక్కు కర్మాగారం.

ఇంతవరకూ గేటు లోపలి సంగతి. నగరం పెరిగేది గేటు బయట. ఉక్కు కర్మాగారం దగ్గరి కూర్మన్నపాలెం కూడలిలో షిఫ్టు మారే వేళ కాసేపు నిలబడితే చాలు. ‘ఏ’ షిఫ్టు దిగినవాళ్లు టీ కొట్టు దగ్గర ఆగుతారు. ఒకరు బండి టైరుకు పంక్చరు వేయిస్తారు, ఇంకొకరు కూరగాయలు కొంటారు. ఇంటి అద్దె, పిల్లల ట్యూషన్ ఫీజు, నెలవారీ చీటీ, ఆసుపత్రి ఖర్చు అన్నీ ఆ జీతంలోంచే. టీ కొట్టాయన చేతికి వచ్చిన డబ్బు కిరాణా కొట్టుకు పోతుంది, కిరాణా కొట్టు నుంచి ఆటోవాలాకు, ఇంటి మేస్త్రీకి పోతుంది. ప్లాంటు మొహం చూడనివాళ్లు కూడా ప్లాంటు జీతం మీదే బతుకుతారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్లలో ఎంతోమంది ఇలా గేటు బయట నిలదొక్కుకున్నారు.

డబ్బుతో పాటు పనితనం కూడా బయటికి వస్తుంది. పెద్ద కర్మాగారంలో వెల్డింగ్, లేత్ పని నేర్చినవాళ్లు ఆటోనగర్‌లో షెడ్లు పెడతారు, నలుగురు కుర్రాళ్లకు నేర్పుతారు. నగరానికి మిగిలే అసలైన ఆస్తి ఈ చేతిపని నేర్పు అని నా నమ్మకం. కర్మాగారం మూతపడ్డా అది పోదు.

ఈ ఎదుగుదలకు మూల్యం అందరూ సమానంగా చెల్లించలేదు. ఉక్కు కోసం 60కి పైగా గ్రామాల వాళ్లు భూములిచ్చారు. ఉద్యోగం వస్తుందన్న ఆశతో, నిర్వాసితులకు ఇచ్చిన ‘ఆర్ కార్డు’ దాచుకుని, ఆ ఉద్యోగం రాకుండానే ముసలివాళ్లయినవాళ్లు ఉన్నారు. నగరంలోని పాత భాగమైన వన్‌టౌన్‌లో రేవు బొగ్గు పొడి ఇళ్లలోకి వచ్చి పడుతుంది. ఆరేసిన బట్టలు నల్లబడతాయి. లాభం నగరమంతటిదీ, దుమ్ము మాత్రం వన్‌టౌన్‌దీ అయితే అది న్యాయం కాదు.

జీతం ఎంతన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, అది ఎంత ఖాయమన్నదీ చూడాలి. చీటీ కట్టేదీ, అప్పు చేసి ఇల్లు కట్టేదీ వచ్చే నెల కూడా జీతం పడుతుందన్న ధైర్యంతోనే. కాంట్రాక్టు కార్మికుడికి ఆ ధైర్యం ఉండదు. అతను ఆచితూచి ఖర్చు పెడతాడు, దాంతో బజారూ సన్నగిల్లుతుంది. ఉక్కు ప్లాంటులో వాటాలన్నీ అమ్మేయాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించినప్పుడు భయపడింది కార్మికులు మాత్రమే కాదు. ఆ నిర్ణయానికి వ్యతిరేకంగా జరిగిన మార్చి 5 బంద్ రోజున గాజువాకలో దుకాణాలు మూసుకున్నవాళ్లకు ప్లాంటులో ఉద్యోగం లేదు. వాళ్ల కొట్టుకు వచ్చే కొనుగోలుదారుకు ఉంది.