మూడు కొలిములు, మూడు స్థితులు: తుత్తునాగం లోహంగా చిక్కిన తీరు

వ్యాససంగ్రహం

లోహాలు సాధారణంగా ఘనపదార్థాలన్నది పాఠశాల రసాయనశాస్త్రంలో తొలిపాఠం. అయితే ఖనిజం నుండి వేరుపడే క్షణంలో లోహం ఏ స్థితిలో ఉంటుందన్న ప్రశ్న ఆ పాఠంలో అరుదుగా వినిపిస్తుంది. బొగ్గు కొలిమిలో ఇనుము ఘనంగా, రాగి ద్రవంగా, తుత్తునాగం వాయువుగా ఏర్పడతాయి. ఈ భేదం వల్లనే తుత్తునాగం చిరకాలం విడిలోహంగా చేతికి రాలేదు. రాజస్థాన్‌లోని జావర్ కొలిముల నిర్మాణాన్ని ఆధారంగా చేసుకొని, ద్రవ్యస్థితులకూ లోహసంగ్రహణానికీ గల సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ద్రవ్యస్థితులు, లోహసంగ్రహణం, తుత్తునాగం, మరుగుస్థానం, క్షయకరణం, ఇత్తడి, జావర్.

1. ఉపోద్ఘాతం

లోహాల భౌతికధర్మాలను పరిచయం చేసే పాఠం దాదాపు అన్ని పుస్తకాలలోనూ ఒకే వరుసలో నడుస్తుంది. ద్యుతిగుణం, స్తరణీయత, తాంతవత, ధ్వనిగుణం, వాహకత చెప్పిన తరువాత, పాదరసం మినహా లోహాలన్నీ గది ఉష్ణోగ్రత వద్ద ఘనపదార్థాలే అన్న వాక్యం వస్తుంది. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా ఈ వాక్యం ఎంతగా స్థిరపడిందంటే, ఘనస్థితి లోహం స్వభావమనీ, పాదరసం ఆ స్వభావం తప్పిన లోహమనీ విద్యార్థి భావించే అవకాశం ఉంది.

ఆ వాక్యంలో బరువు మోస్తున్న మాట ‘ఘనపదార్థం’ కాదు, ‘గది ఉష్ణోగ్రత’. పాదరసం మైనస్ 38.8 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. సీజియం 28.5 డిగ్రీల వద్ద, గాలియం 29.8 డిగ్రీల వద్ద కరుగుతాయి. శాస్త్రగ్రంథాలు గది ఉష్ణోగ్రతగా సాధారణంగా 25 డిగ్రీలను తీసుకుంటాయి కనుక ఈ రెండూ ఘనపదార్థాల పట్టికలో చేరాయి. మే నెలలో రెంటచింతలలోని ఏ గదిలోనైనా ఆ పట్టికను మార్చి రాయవలసిందే. లోహం మారలేదు, గది మారింది.

ఘన, ద్రవ, వాయు స్థితులు పదార్థానికి పుట్టుకతో వచ్చిన గుర్తింపులు కావు. నిర్దిష్టమైన ఉష్ణోగ్రత, పీడనాల వద్ద ఆ పదార్థంలోని కణాలు ఏ అమరికలో ఉన్నాయో తెలిపే మాటలు మాత్రమే. నీటి విషయంలో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. లోహాల దగ్గరకు వచ్చేసరికి మరపు కలుగుతుంది, ఎందుకంటే లోహం మరగడాన్ని చూసినవారు అరుదు. చూడకపోయినా, ఒక లోహం మరగడం వల్ల మానవచరిత్రలో పెద్ద ఆలస్యమే జరిగింది.

2. కొలిమిలో లోహం పుట్టే స్థితి

ఖనిజం నుండి లోహాన్ని వేరుచేసే ప్రాచీన పద్ధతి సూత్రరీత్యా ఒక్కటే. ఖనిజాన్ని కాల్చి ఆక్సైడుగా మార్చడం, ఆ ఆక్సైడులోని ఆక్సిజన్‌ను బొగ్గుతో లాగివేయడం. మొదటిదానిని భర్జనమనీ, రెండవదానిని క్షయకరణమనీ పాఠ్యపుస్తకాలు పేర్కొంటాయి. బొగ్గు, దాని నుండి పుట్టే కార్బన్ మోనాక్సైడు ఇక్కడ క్షయకరణులు. తిత్తులతో గాలి ఊదిన బొగ్గు కొలిమిలో 1200 డిగ్రీల ప్రాంతపు వేడి సాధ్యమవుతుంది. ఆ వేడిలో వేర్వేరు లోహాలకు జరిగేది వేర్వేరుగా ఉంటుంది.

ఇనుము కరిగేది 1538 డిగ్రీల వద్ద. కానీ దాని ఆక్సైడు అంతకన్న చాలా తక్కువ వేడిలోనే ఆక్సిజన్‌ను కోల్పోతుంది. కాబట్టి పాతకాలపు కొలిమిలో ఇనుము కరగకుండానే, బెజ్జాలతో కూడిన ఘనముద్దగా తయారయ్యేది. కరిగేది ఇనుము కాదు, చిట్టెం. ఎర్రగా కాలిన ఆ ముద్దను బయటికి తీసి, సమ్మెటతో మోది, లోపల చిక్కుకున్న చిట్టేన్ని వెళ్లగొట్టేవారు. తెలంగాణలోని కోనసముద్రం వంటి చోట్ల ఇనుమును మూసలో పెట్టి, కర్బన పదార్థాలు చేర్చి, మూతిని మట్టితో మెత్తి కాల్చి ఉక్కు చేసేవారు. కర్బనం చేరినకొద్దీ ఇనుము కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. విడిగా లొంగని లోహం కర్బనం తోడైనప్పుడు మూసలో ద్రవంగా మారింది.

రాగి కరిగేది 1085 డిగ్రీల వద్ద, సీసం 327 డిగ్రీల వద్దనే. ఈ రెండూ కొలిమిలో ద్రవంగా ఏర్పడి, చిట్టెం కన్న బరువైనవి కనుక అడుగున చేరతాయి. పోతపోయడానికి సిద్ధంగా ఉంటాయి. రాగి మరిగేది 2560 డిగ్రీల వద్ద, సీసం 1749 డిగ్రీల వద్ద. కాబట్టి మొత్తం లోహం ఆవిరై జారిపోతుందన్న భయం లేదు.

తుత్తునాగం, అనగా జింకు, సంస్కృత రసశాస్త్రంలో యశదం, 419.5 డిగ్రీల వద్ద కరిగి 907 డిగ్రీల వద్ద మరుగుతుంది. సులభంగా కరిగే లోహం కనుక సులభంగా లభించాలని తోస్తుంది. జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. జింకు ఆక్సైడు నుండి కార్బన్ ఆక్సిజన్‌ను లాగగలగాలంటే సాధారణ వాతావరణ పీడనం వద్ద సుమారు 950 డిగ్రీలు కావాలి. ఆచరణలో చర్య చురుకుగా సాగడానికి 1000 డిగ్రీలు దాటాలి. అంటే లోహం పుట్టే ఉష్ణోగ్రత దాని మరుగుస్థానం కన్న ఎక్కువ. అది పుడుతూనే వాయువుగా పుడుతుంది. తెరచిన కొలిమిలో ఆ ఆవిరి పైకి లేచి, గాలి తగలగానే మండి, మళ్లీ జింకు ఆక్సైడుగా మారి, కొలిమి గోడలకు తెల్లని దూదిపింజల వలె అంటుకుంటుంది. అడుగున వెదికితే చిట్టెం, బూడిద తప్ప మరేమీ ఉండదు. పాతకాలపు కొలిమివాడు ఎన్నోసార్లు తుత్తునాగాన్ని తయారుచేసి ఉండవచ్చు, దానిని చూచి మాత్రం ఉండడు.

గాలి తగలకుండా చూసినా చిక్కు తీరదు. జింకు ఆవిరి చల్లబడే దారిలో కార్బన్ డయాక్సైడు ఉంటే, దానిలోని ఆక్సిజన్‌ను తీసుకొని మళ్లీ ఆక్సైడుగా మారుతుంది, వెనుక కార్బన్ మోనాక్సైడు మిగులుతుంది. వేడిలో ముందుకు నడిచిన చర్య చల్లదనంలో వెనుకకు నడుస్తుంది.

3. మరుగుస్థానం తక్కువ కావడానికి కారణం

ఆవర్తనపట్టికలో రాగి పక్కగడిలోనే జింకు ఉంటుంది. పరమాణుసంఖ్యలు 29, 30. అయినా మరుగుస్థానాలలో 1600 డిగ్రీలకు మించిన తేడా ఉంది. లోహబంధం గట్టిదనం, పరమాణువులు ఉమ్మడిగా పంచుకొనే ఎలక్ట్రాన్లపై ఆధారపడుతుంది. జింకులో 3డి ఉపకర్పరం పది ఎలక్ట్రాన్లతో, 4ఎస్ ఉపకర్పరం రెండు ఎలక్ట్రాన్లతో పూర్తిగా నిండి ఉంటాయి. 3డి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దగ్గరగా ఒదిగి బంధానికి తోడ్పడవు. బంధం బలహీనమైతే పరమాణువులు ఒకదానినొకటి విడిచిపోవడానికి తక్కువ వేడి చాలు. అదే నిలువువరుసలో దిగువనున్న కాడ్మియం 767 డిగ్రీలకు, పాదరసం 357 డిగ్రీలకు మరుగుతాయి. పాదరసం తన కుటుంబాన్ని తప్పిపోయిన లోహమేమీ కాదు. ఆ కుటుంబమంతా ఆవిరి అయ్యే స్వభావం కలదే. పాదరసం విషయంలో ఆ లక్షణం గది ఉష్ణోగ్రత దాకా దిగివచ్చింది, అంతే.

4. చూడని లోహంతో ఇత్తడి

విడి తుత్తునాగం విస్తారంగా లభించడానికి ఎన్నో శతాబ్దాల ముందే ప్రపంచంలో ఇత్తడి ఉంది. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగాల మిశ్రమలోహం. ఒక భాగం చేతికి చిక్కకుండా మిశ్రమం ఎలా సాధ్యమైంది? రాగిముక్కలనూ, జింకు ఖనిజాన్నీ, బొగ్గుపొడినీ మూతగల మూసలో కలిపి, రాగి కరగనంత వేడిలో కాల్చేవారు. మూస లోపల పుట్టిన జింకు ఆవిరికి బయటికి దారి తక్కువ. అది ఘనస్థితిలోనే ఉన్న రాగిలోకి ఇంకిపోయేది. ఎర్రని రాగి పసుపుపచ్చగా మారి బయటికి వచ్చేది. రాగికి రంగు పట్టించే మన్నుగా ఆ ఖనిజాన్ని ప్రాచీనులు భావించడంలో వింత లేదు. వారు చూసినది అంతే కదా.

వాయువు ఘనంలోకి ఇంకే ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. రాగి సాధారణంగా 28 శాతం వరకే జింకును ఇలా పీల్చుకుంటుంది. అందువల్ల పాత ఇత్తడి వస్తువులో జింకు శాతం అంతకు బాగా మించి కనిపిస్తే, దాని తయారీలో విడి తుత్తునాగం వాడి ఉంటారని పురావస్తు రసాయనవేత్తలు అనుమానిస్తారు.

5. జావర్: ఆవిరిని కిందికి నడిపిన కొలిమి

ఉదయపూర్‌కు దక్షిణంగా ఆరావళి కొండల్లో ఉన్న జావర్‌లో వాడి పారవేసిన మట్టి రిటార్టులు గుట్టలుగా పడి ఉన్నాయి. అక్కడి పాత ఇళ్ల గోడలను కూడా ఇటుకలకు బదులు వాటితోనే కట్టారు. 1980ల దశకంలో బ్రిటిష్ మ్యూజియం, బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం, హిందూస్థాన్ జింక్ సంస్థ కలిసి జరిపిన తవ్వకాలలో ఆ రిటార్టులు అమర్చిన కొలిములు దాదాపు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. అమెరికాకు చెందిన లోహశాస్త్ర సంఘం 1988లో ఈ స్థలాన్ని చారిత్రక లోహసంగ్రహణ కేంద్రంగా గుర్తించింది.

ఆ కొలిమికి రెండు గదులు, పైది వేడిది, కిందిది చల్లనిది. రెండింటికీ నడుమ బెజ్జాలు గల మట్టిపలక. ఆ పలక మీద వరుసకు ఆరు చొప్పున ఆరు వరుసలుగా 36 రిటార్టులను తలకిందులుగా నిలిపేవారు. రిటార్టు ఆకారం వంకాయను పోలి ఉంటుంది. 13, 14 శతాబ్దాల నాటిదిగా భావించే రసరత్నసముచ్చయంలో ఇదే పనికి వంకాయ ఆకారపు మూసను చెప్పడం గమనార్హం. కాల్చిన ఖనిజాన్ని బొగ్గుపొడితో, మరికొన్ని చేర్పులతో ముద్దచేసి, చిన్న ఉండలుగా చుట్టి అందులో నింపేవారు. ఉండలు జారిపడకుండా నడుమ ఒక పుల్లను నిలిపేవారు. వేడికి పుల్ల కాలిపోగా మిగిలిన సందు ఆవిరికి దారి అయ్యేది. రిటార్టు మెడ పలకలోని బెజ్జం గుండా కింది గదిలోకి దిగి ఉండేది.

ఈ అమరికలో ప్రతి అంశమూ పైన చెప్పిన ఒక్కొక్క చిక్కుకు సమాధానం. మంట రిటార్టు వెలుపల ఉంటుంది, కనుక ఆవిరికి గాలి తగలదు. లోపల బొగ్గు అవసరానికి మించి ఉంటుంది, కనుక పుట్టిన కార్బన్ డయాక్సైడు తిరిగి మోనాక్సైడుగా మారిపోతుంది. లోహాన్ని మళ్లీ ఆక్సైడుగా మార్చగలది దారిలో మిగలదు. మంట ఉన్నది పైన, మూతి ఉన్నది కింద, కనుక ఆవిరికి పైకి దారి లేదు. చల్లని వైపుకే దిగాలి.

ఇక అన్నిటికన్న సున్నితమైనది కింది గది వేడి. అక్కడ 907 డిగ్రీలకు తక్కువ ఉంటేనే ఆవిరి ద్రవమవుతుంది. 419 డిగ్రీలకు ఎక్కువ ఉంటేనే ఆ ద్రవం బొట్లుబొట్లుగా కలిసి ముద్ద కడుతుంది. మరీ చల్లబడితే ఆవిరి కలిసిపోకుండా సన్నని నీలిఛాయ పొడిగా రాలుతుంది. ఆ పొడిని ఏకం చేయడం కష్టం. ఉష్ణమాపకాలు లేని కాలంలో ఈ రెండు అంకెల నడుమ గదిని నిలబెట్టినవారి పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. పాఠ్యపుస్తకంలో స్వేదనం అనగానే నీరు, ఆల్కహాలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ స్వేదనం చెందినది లోహం, అదీ అధోముఖంగా.

ఐరోపాలో తుత్తునాగాన్ని పరిశ్రమగా తీయడానికి బ్రిస్టల్‌కు చెందిన విలియం ఛాంపియన్ 1738లో పేటెంటు పొందాడు. అతని పద్ధతిలోనూ ఆవిరి కిందికే దిగుతుంది. జర్మన్ రసాయనవేత్త మార్‌గ్రాఫ్ 1746లో మూసిన పాత్రలో ఖనిజాన్ని బొగ్గుతో కాల్చి లోహాన్ని వేరుచేశాడు. అంతకుముందు ఐరోపా వర్తకులు తూర్పుదేశాల నుండి ఈ లోహాన్ని దిగుమతి చేసుకుంటూ, దానిని ‘టూటెనాగ్’ అని పిలిచేవారు. తెలుగు తుత్తునాగానికి ఈ మాట ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు.

6. తెల్లని పొగ

ఈ రసాయనం చరిత్రకే పరిమితమైనది కాదు. ఇత్తడి, కంచు రెండింటినీ పోతపోసే కొలిమి దగ్గర నిలబడితే అది కంటికి కనిపిస్తుంది. కంచులో రాగితో కలిసేది తగరం. తగరం 232 డిగ్రీలకే కరిగినా, మరగడానికి 2600 డిగ్రీలు కావాలి. కరిగిన కంచు నుండి తగరం ఆవిరి లేవదు. ఇత్తడి కరిగే వేడి మాత్రం జింకు మరుగుస్థానానికి సమీపంగా ఉంటుంది. రాగి పట్టు వల్ల జింకు ఒక్కసారిగా మరగకపోయినా, మూస మూత తీయగానే కొంత ఆవిరై, గాలిలో మండి, తెల్లని పొగగా లేస్తుంది. పోతకు ముందు కొంత తుత్తునాగాన్ని అదనంగా వేయడం ఈ నష్టాన్ని పూడ్చడానికే.

ఆ పొగను పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు, నోటిలో లోహపు రుచి కలుగుతాయి. ఒకటి రెండు రోజులలో తగ్గిపోవడం వల్ల పనివారు దానిని మామూలు జ్వరంగా తీసుకుంటారు. జింకు పూత వేసిన ఇనుప గొట్టాలను వెల్డింగు చేసేవారికీ ఇదే ముప్పు. వెల్డింగు మంట ఇనుమును కరిగిస్తుంది, దానిపైనున్న జింకును మరిగిస్తుంది. మరుగుస్థానాల పట్టికను బట్టీ పట్టించే బడిలో, ఐ.టి.ఐ.కి వెళ్లబోయే విద్యార్థికి ఈ సంగతి చెప్పకపోవడం లోపమే. గాలి ఆడే చోట పనిచేయడం, పూతను ముందుగా గీకివేయడం, తగిన మాస్కు ధరించడం అన్న జాగ్రత్తలన్నీ 907 అన్న అంకె నుండే వస్తాయి.

7. ఆవిరి అవసరం లేని దారి

నేడు ప్రపంచంలో తుత్తునాగాన్ని అత్యధికభాగం విద్యుత్తుతో తీస్తున్నారు. విశాఖపట్నంలో 1977లో ప్రారంభమై, 2012 వరకు నడిచిన జింకు కర్మాగారంలోనూ ఇదే పద్ధతి. ఖనిజాన్ని భర్జనం చేయడం మాత్రం జావర్‌లో వలెనే. తరువాత బొగ్గుకు బదులు సల్ఫ్యూరికామ్లం వస్తుంది. ఆక్సైడు అందులో కరిగి జింకు సల్ఫేటు ద్రావణమవుతుంది. దానిని మలినాల నుండి శుద్ధిచేసి విద్యుత్తును పంపితే, అల్యూమినియం పలకలతో చేసిన కాథోడుపై జింకు పొరగా పేరుకుంటుంది. ద్రావణం వేడి నీటి మరుగుస్థానాన్ని కూడా చేరదు. కనుక జింకు ఇక్కడ ఆవిరి కాకుండా, కరగకుండా, ఘనంగానే పుడుతుంది. పలకల నుండి ఆ పొరలను ఒలిచి, 419 డిగ్రీలకు కాస్త పైన కరిగించి, దిమ్మెలుగా పోతపోస్తారు.