ఆశ నిలవాలంటే లెక్క నిజం కావాలి

ఏఎల్‌ఎస్ అనే జబ్బు పేరు చాలామంది విని ఉండరు. కానీ చక్రాల కుర్చీలో కూర్చుని కంప్యూటర్ గొంతుతో మాట్లాడిన భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌ను ఎరగనివారు తక్కువ. ఆయనకు వచ్చింది అదే జబ్బు. కండరాలను నడిపించే నరకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చేతిలో పట్టు తప్పుతుంది, నడక ఆగిపోతుంది, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. హాకింగ్ దానితో యాభై ఏళ్లకు పైగా బతకడం చాలా అరుదు. ఈ జబ్బు బయటపడ్డాక ఎక్కువమందికి మిగిలేది కొద్ది సంవత్సరాలే. అలాంటి జబ్బు మీద 2008లో ఇటలీ పరిశోధకులు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. మానసిక వైద్యంలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న లిథియం మందును 16 మంది ఏఎల్‌ఎస్ రోగులకు ఇస్తే, 15 నెలల్లో వాళ్లలో ఒక్కరూ చనిపోలేదని అందులో ఉంది. లిథియం తీసుకోని 28 మందిలో మాత్రం సుమారు 30 శాతం మంది చనిపోయారు. ఈ కబురు దేశదేశాల రోగుల మధ్య పాకడానికి ఎన్నో రోజులు పట్టలేదు.

పెద్ద ఎత్తున పరీక్షలు జరిగి ఫలితం తేలేసరికి ఏళ్లు గడుస్తాయి. అంత గడువు తమకు ఉండకపోవచ్చని ఆ రోగులకు తెలుసు. బ్రెజిల్‌లోని ఒక రోగి, అమెరికాలోని మరో రోగి కూతురు కలిసి లిథియం వాడుతున్నవాళ్ల వివరాలు ఒకచోట చేర్చడం మొదలుపెట్టారు. ఆ పని పేషెంట్స్‌లైక్‌మీ అనే ఆన్‌లైన్ సమూహంలో పెద్దదైంది. ఆ సమూహం పుట్టుక వెనుక ఉన్నదీ ఈ జబ్బే. స్టీఫెన్ హేవుడ్ అనే అమెరికా యువకుడికి 1998లో, 29 ఏళ్ల వయసులో ఏఎల్‌ఎస్ అని తేలింది. అతని అన్నదమ్ములు ఒక మిత్రుడితో కలిసి 2004లో దీన్ని స్థాపించారు. 2006లో అతను చనిపోయినా సమూహం నిలిచింది. అక్కడి సభ్యులు ధైర్యం చెప్పుకోవడంతో ఆగలేదు. డాక్టర్లు వాడే 12 ప్రశ్నల పట్టికను తామే నింపుకునేవారు. ఒక్కో ప్రశ్నకు 4 నుంచి 0 వరకు మార్కులు, అన్నీ సవ్యంగా ఉంటే మొత్తం 48. మాట స్పష్టంగా ఉందా, మింగుడు పడుతోందా, చేతిరాత చదవగలిగేలా ఉందా, బట్టలు ఎవరి సాయం లేకుండా వేసుకుంటున్నారా, మంచం మీద పక్కకు తిరిగి దుప్పటి సర్దుకోగలుగుతున్నారా, మెట్లు ఎక్కగలుగుతున్నారా అన్నవి ఆ ప్రశ్నల్లో కొన్ని. వేసుకుంటున్న మందు పనిచేస్తుందని గట్టిగా నమ్మిన మనిషి, పోయినసారి 3 వేసుకున్నచోట ఈసారి 2 వేసుకోవాలి. దుప్పటి సర్దుకోవడం ఇప్పుడు చాలా కష్టమవుతోందని తానే ఒప్పుకోవాలి. ఎవరూ తనిఖీకి రారు. 3 అనే వేసుకున్నా అడిగేవారు లేరు.

చాలామంది నిజమే రాశారు. లిథియం వాడిన 149 మంది వివరాలను, వాడకముందు వరకు జబ్బు దాదాపు అదే తీరులో ముదురుతూ వచ్చిన ఇతర సభ్యుల వివరాలతో పోల్చి, 2011లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో ప్రచురించారు. ఏడాది తర్వాత చూస్తే లిథియం జబ్బు వేగాన్ని ఏమాత్రం తగ్గించలేదు. నియమబద్ధంగా జరిగిన క్లినికల్ పరీక్షల్లోనూ అదే తేలింది. ఆ రోగులు కోరుకున్న జవాబు ఇది కాదు. అయినా ఆ జవాబు విలువ తక్కువేమీ కాదు. లిథియం మోతాదు మించితే విషమయ్యే మందు, వాడినన్నాళ్లూ రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. తర్వాత వచ్చే రోగులకు ఆ బాధ, ఆ ఖర్చు, ఆ వృథా కాలం తప్పాయి. నా వాదనంతా ఈ ఉదంతంలోనే ఉంది. వాళ్లు ఆశావాదులు, ఆశే లేకపోతే ఆ మందు జోలికే వెళ్లేవారు కాదు. కానీ ఆశ ఒక పక్క ఉంచి, పట్టికలో మాత్రం జరిగిందే రాశారు. సానుకూల దృక్పథం మనిషికి మేలు చేసేది ఈ రెండూ కలిసి నడిచినప్పుడే. పదిమంది కలిసే ఆన్‌లైన్ సమూహాల్లో ఈ షరతు మరింత గట్టిగా వర్తిస్తుంది.

పాజిటివ్ థింకింగ్ పేరుతో మన దాకా వచ్చిన బోధ వేరు. అమెరికా మతబోధకుడు నార్మన్ విన్సెంట్ పీల్ 1952లో రాసిన పుస్తకం లక్షల సంఖ్యలో అమ్ముడైంది. ఓటమి ఆలోచనను మనసులోకి రానీయకండి, గెలిచినట్టే ఊహించుకోండి అన్నది ఆ ధోరణి సారం. మన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు, వేదికల మీది ప్రసంగాలు చాలావరకు దీన్నే తిప్పి చెబుతుంటాయి. దీన్ని పరీక్షకు పెట్టినవారిలో ముఖ్యురాలు జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియేలే ఓటింగెన్. 1991లో ఆమె మరో పరిశోధకుడితో కలిసి, బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 25 మంది మహిళల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. ఆమె రెండు విషయాలను విడదీసి అడిగారు: బరువు తగ్గగలనన్న నమ్మకం మీకెంత? తగ్గాక ఎలా ఉంటుందో, నోరూరించే పదార్థం ఎదురైతే ఏం చేస్తారో ఊహించుకుంటే మీ మనసులో మెదిలే చిత్రం ఎలాంటిది? ఏడాది గడిచాక చూస్తే, తగ్గగలమని నమ్మినవారు ఎక్కువ తగ్గారు. కానీ అంతా హాయిగా సాగిపోయినట్టు తియ్యటి ఊహల్లో తేలినవారు, ఇబ్బందులు కూడా కళ్లముందు కనిపించినవారి కంటే సుమారు 11 కిలోలు తక్కువ తగ్గారు. పాతికమందితో చేసింది చిన్న అధ్యయనమే. అయితే ఉద్యోగాల కోసం చూస్తున్న పట్టభద్రుల మీద తర్వాత చేసిన పరిశోధనలోనూ తీరు ఇదే: మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తరచుగా ఊహించుకున్నవారికి ఆఫర్లూ తక్కువ, జీతాలూ తక్కువ. ఊహలోనే గెలుపు రుచి చూసిన శరీరం బిగువు సడలించుకుంటుందని ఆమె వివరణ. అలాంటి ఊహల తర్వాత రక్తపోటు కాస్త తగ్గడాన్ని కూడా కొలిచి చూపారు. అందుకే కోరికను, దానికి అడ్డొచ్చేదాన్ని పక్కపక్కన పెట్టుకుని ఆలోచించమంటారు ఆమె.

ఇక్కడే ఆన్‌లైన్ సమూహం అవసరం తెలుస్తుంది. నా దారిలో ఏ అడ్డంకి ఉందో నాకు తెలియకపోవచ్చు. నాకంటే ముందు ఆ దారిన పోయినవాళ్లకు తెలుసు. మధుమేహం మందులతో, పిల్లల ఆటిజంతో, ఇంటి అప్పుతో, విదేశీ వీసాతో తంటాలు పడి వచ్చినవాళ్లు ఒకచోట దొరకడం గత తరాలకు లేని వసతి. వాళ్లు పడ్డచోటు దాచి లేచినచోటు మాత్రమే చూపిస్తే ఆ వసతి కాస్తా ఉచ్చుగా మారుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన బెల్ గిబ్సన్ ఉదంతం అందరికీ తెలియాల్సినది. మెదడులో కేన్సర్‌ను ఆహారంతో, ప్రకృతి పద్ధతులతో ఎదుర్కొంటున్నానని ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పుకుంది. 2013లో వంటల యాప్, ఆ తర్వాత పుస్తకం వచ్చాయి. నిజానికి ఆమెకు కేన్సరే లేదు. 2015లో విలేకరులు ఆరా తీయడంతో విషయం బయటపడింది. 2017లో అక్కడి ఫెడరల్ కోర్టు 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఆమె చేసింది మోసం, అందులో సందేహం లేదు. కానీ ఆ మోసం అన్నాళ్లు సాగడానికి చుట్టూ ఉన్న వాతావరణం సాయపడింది. వెలుగు నిండిన కథను ప్రశ్నించేవాళ్లను ఓర్వలేనివాళ్లుగా చూసేచోట రుజువు అడగడానికి ఎవరికి నోరొస్తుంది?

అబద్ధం చెప్పనివాళ్లే ఉన్న సమూహంలో కూడా ఈ ఒత్తిడి పనిచేస్తుంది. అమెరికా రచయిత్రి బార్బరా ఎరెన్‌రైక్‌కు రొమ్ము కేన్సర్ వచ్చినప్పుడు, చికిత్స బాధల గురించి, బీమా కంపెనీల గురించి తన కోపాన్ని రోగుల ఆన్‌లైన్ వేదికలో రాసింది. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం మందలింపులే. అలాంటి ధోరణి ఆరోగ్యానికి చేటని హితవు చెప్పారు. 2009లో వచ్చిన తన పుస్తకంలో ఆమె దీన్ని వివరంగా రాసింది. మరి దిగులుపడితే నిజంగానే కేన్సర్ ముదురుతుందా? తల, మెడ కేన్సర్ ఉన్న 1,093 మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, వాళ్ల మానసిక స్థితికీ బతికిన కాలానికీ సంబంధం కనిపించలేదు. నువ్వు సరిగా ఆలోచించకే జబ్బు తగ్గడం లేదని రోగితో అనడం ఎంత క్రూరమో దీన్నిబట్టి గ్రహించాలి. జబ్బుకు తోడు తప్పు చేశానన్న భారం కూడా ఆ మనిషి నెత్తిన పెడుతున్నాం.

ఇక మన ఇళ్లలో రోజూ వినే మాట: పోటీ పరీక్షలు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఉండి చదువుకునే అభ్యర్థి ఫోన్లో టెలిగ్రామ్, వాట్సాప్ సమూహాలకు కొదవ ఉండదు. వాటిలో గొంతు విప్పేది ఎక్కువగా ర్యాంకు వచ్చినవారు. 2023 సివిల్స్‌కు 10 లక్షల పైచిలుకు దరఖాస్తు చేస్తే, 5.92 లక్షల మంది ప్రిలిమ్స్ రాశారు. 14,624 మంది మెయిన్స్‌కు అర్హులయ్యారు. చివరికి ఎంపికైనవారు 1,016 మంది. ఆ వెయ్యిమంది పట్టుదల నిజమే. కానీ అంతే పట్టుదలతో నాలుగుసార్లు రాసి మానేసినవాళ్లు ఫలితాల రోజే చప్పుడు కాకుండా గ్రూపులోంచి తప్పుకుంటారు. ఏ ఐచ్ఛికం ఎందుకు కలిసిరాలేదో, ఎప్పుడు వేరే ఉద్యోగం చూసుకోవాల్సిందో, ఇంట్లో ఎంత అప్పు అయిందో చెప్పగలిగినవాళ్లు వాళ్లే. వాళ్ల మాట పోవడంతో కొత్తగా వచ్చినవాడికి గెలిచినవాళ్ల లెక్క మాత్రమే దొరుకుతుంది. కోచింగ్ ప్రకటనల సంగతి మరీ దారుణం. ర్యాంకరు నిజానికి ఏ కోర్సులో చేరాడో, కేవలం ఇంటర్వ్యూ శిక్షణకే వచ్చాడా అన్నది దాచి ఫొటో వేసుకునే పద్ధతిని అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ప్రత్యేక మార్గదర్శకాలే జారీ చేయాల్సి వచ్చింది.

నా వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. ఆశావాదులు ఎక్కువకాలం బతుకుతారని కొన్ని పెద్ద అధ్యయనాలు చెప్పలేదా? చెప్పాయి. దాదాపు 70 వేల మంది అమెరికన్ నర్సుల మీద 2016లో వెలువడిన అధ్యయనం వాటిలో ఒకటి. నేను దాన్ని కొట్టిపారేయను. కానీ అక్కడ కొలిచింది మనిషికి చిరకాలంగా ఉన్న స్వభావాన్ని. వేళకు నిద్ర, వ్యాయామం, డాక్టరు మాట వినడం వంటి అలవాట్లూ అలాంటి స్వభావంతో కలిసి ఉండొచ్చు. పైగా మంచి జరుగుతుందని నమ్మడం వేరు, జరిగిన చెడును చెప్పకుండా ఆపడం వేరు. మొదటిదానికి నేనెప్పుడూ అడ్డు చెప్పను. ఒకరి దిగులు అందరికీ అంటుకుంటుందని కూడా భయపడతారు. ఫేస్‌బుక్ 2012లో 6,89,003 మందికి కనిపించే పోస్టులను వాళ్లకు చెప్పకుండా మార్చి చేసిన ప్రయోగం ఈ సందర్భంలో తరచూ వినిపిస్తుంది. భావాలు పాకుతాయని అందులో తేలిన మాట వాస్తవమే, కానీ ఆ తేడా అతి స్వల్పం. అంత స్వల్ప భయానికి ఒక మనిషి నోరు నొక్కడం ఏ రకంగా చూసినా ఎక్కువే.

మరో అభ్యంతరం ఇంకా దగ్గరిది. కుంగిపోయి వచ్చినవాడికి ముందు కాస్త ధైర్యం చెప్పాలి గానీ లెక్కలు చెబుతారా అని. న్యాయమైన ప్రశ్నే. అయితే ఏ ధైర్యం పనిచేస్తుంది? కెనడాలో జోవాన్ వుడ్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగంలో కొందరి చేత ‘నేను ప్రేమకు అర్హత ఉన్న మనిషిని’ అన్న అర్థమిచ్చే మాటను మళ్లీ మళ్లీ అనిపించారు. తమ మీద తమకు గౌరవం ఉన్నవారికి కాస్త మేలు జరిగింది. ఆ గౌరవం తక్కువగా ఉన్నవారు, అంటే ఆ మాట ఎవరికి ఎక్కువ అవసరమనుకుంటామో వాళ్లే, మునుపటి కంటే దిగజారారు. లోపల నమ్మకం లేని మాట పైనుంచి రుద్దితే మనసు ఎదురు తిరుగుతుంది. ‘నాకూ మూడు నెలలు నిద్ర పట్టలేదు, నాలుగో నెలలో మందు మార్చాక కుదుటపడింది, బరువు మాత్రం పెరిగాను’ అన్న సమాధానంలో ఉన్న ఊరట వంద గులాబీ బొమ్మల్లో ఉండదు. ఎందుకంటే అది నమ్మదగింది.

నిజం చెప్పడానికి మనకు మరో పెద్ద అడ్డు బంధువుల కన్ను. పిల్లాడి ఫెయిలు, కూతురి విడాకులు, భర్త తాగుడు ఫ్యామిలీ గ్రూపులో రాయలేం. అసలు పేరుతో ఉన్న ఏ గ్రూపులోనూ రాయలేం. అందుకే మారుపేరు ఉండాలి. పేషెంట్స్‌లైక్‌మీలోనూ సభ్యులు మారుపేరుతో ఉండే వీలుంది. ముసుగు వేసుకుని అబద్ధం చెప్పేవాళ్లూ వస్తారు, నిజమే. కానీ బెల్ గిబ్సన్ సొంత పేరుతో, సొంత ముఖంతోనే చెప్పింది. పేరు తెలియడం కంటే వివరం తెలియడం ముఖ్యం. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎన్నాళ్లు చేశారు, దానితోపాటు ఇంకేం వాడారు, ఎవరైనా డబ్బిచ్చి రాయించారా, చివరికి ఏమైంది? ఏ గ్రూపు అడ్మిన్ అయినా ఈ అయిదు ప్రశ్నలూ పైన పిన్ చేసి పెట్టొచ్చు. ఆరునెలలకోసారి పాత పోస్టు పెట్టినవాళ్లను వెతికి పట్టుకుని, ఆ చిట్కా ఇంకా పనిచేస్తోందా అని అడగొచ్చు. లేదన్నవారి జవాబునూ అవునన్నవారి జవాబు పక్కనే ఉంచి, ఇద్దరికీ ఒకే రకంగా ధన్యవాదాలు చెప్పొచ్చు.