ఆన్‌లైన్ పాఠాలకు వ్యాఖ్యాన రచన

ఆన్‌లైన్ పాఠాలలో తెరపై దృశ్యాలు సాగుతుండగా వినిపించే మాటలను ముందుగా వ్రాసిపెట్టుకొనడాన్ని వ్యాఖ్యాన రచన అంటారు. వాడుకలో దీనిని స్క్రిప్టు అని వ్యవహరిస్తారు. ఇది చదువుకొనుటకు కాక, వినుటకు ఉద్దేశించిన రచన.

నేపథ్యం

ఐఐటీలు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఎన్‌పీటెల్ కార్యక్రమాన్ని చేపట్టాయి. కేంద్రప్రభుత్వ వేదిక "స్వయం" 2017 జూలై 9న ప్రారంభమైంది. తరగతిలో ఉపాధ్యాయుడు విద్యార్థి ముఖం చూచి, అవసరమైతే మరొక విధంగా చెప్పగలడు. రికార్డు చేసిన పాఠంలో ఆ వీలు లేదు. అర్థం కాని వాక్యం ఎన్నిసార్లు విన్నా అదే వాక్యం. కావున ఆ భారమంతా వ్రాసేవారిదే.

తెలుగులో ఎదురయ్యే ఇబ్బంది

తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. చదివేవారు వెనుకకు చూచుకొనగలరు. వినేవారు మాత్రం క్రియ వచ్చేవరకు అన్నిటినీ గుర్తుంచుకోవాలి. పాఠ్యపుస్తకాలలో వాడుక భాష కొరకు గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) ఉద్యమించాడు. అయితే వ్యావహారికంలో వ్రాసినంత మాత్రాన వాక్యం చెవికి అందదు. దాని పొడవు, పదాల కూర్పు కూడా ముఖ్యమే.

ఉదాహరణ

పుస్తక వాక్యం: "పత్రహరితం కలిగిన మొక్కలు సూర్యకాంతి సమక్షంలో కార్బన్ డయాక్సైడు, నీటిని వినియోగించుకొని పిండిపదార్థాలను తయారుచేసుకొనే ప్రక్రియను కిరణజన్య సంయోగక్రియ అంటారు."

వ్యాఖ్యానం: "మొక్క తన ఆహారాన్ని తానే తయారుచేసుకుంటుంది. అందుకు నీరు కావాలి, గాలిలోని కార్బన్ డయాక్సైడు కావాలి, ఎండ కావాలి. ఆకులోని పత్రహరితం ఆ ఎండను పట్టుకుంటుంది. ఈ పని పేరే కిరణజన్య సంయోగక్రియ."

రెండవదానిలో శాస్త్రవిషయం తగ్గలేదు. పారిభాషిక పదం మాత్రం విషయం తెలిసిన తరువాత వచ్చింది.

పాటించవలసిన అంశాలు

* ఒక వాక్యంలో ఒకే విషయం చెప్పాలి.
* కాగితాన్ని రెండు నిలువు వరుసలుగా విభజించి, ఒకవైపు దృశ్యం, రెండవవైపు మాటలు వ్రాయాలి.
* తెరపై ఉన్న అక్షరాలనే తిరిగి చదవరాదు. వాటిని వివరించాలి.
* "పై పటం" అనక, "ఎర్ర గీతను చూడండి" అని గుర్తు చెప్పాలి.
* అంకెలను, సంక్షిప్తాలను పలికే తీరున వ్రాయాలి. ఉదాహరణకు, "5 కి.మీ." అనునది "అయిదు కిలోమీటర్లు" అవుతుంది.
* కొత్త పదం తరువాత కొద్దిగా విరామం గుర్తించాలి.

పరీక్షించే విధానం

వ్రాసినదానిని బిగ్గరగా చదవాలి. ఊపిరి చాలనిచోట వాక్యాన్ని విరవాలి. పిదప పాఠం తెలియని ఒకరికి, కాగితం చూపకుండా వినిపించి, విన్నది తిరిగి చెప్పమనాలి. వారు తడబడినచోటనే రచనను సవరించాలి.

ఇవి కూడా చూడండి

* గిడుగు వెంకట రామమూర్తి
* వ్యావహారిక భాషోద్యమం
* దూరవిద్య