బాపు కొలిమి, డమాస్కస్ కత్తి

కిందటి వేసవిలో ఇండియా నుంచి బాపు వచ్చినప్పుడు, ఒట్టావాకి గంట దూరంలో మోరిస్‌బర్గ్ దగ్గరున్న అప్పర్ కెనడా విలేజ్‌కి తీసుకెళ్ళాం. సెయింట్ లారెన్స్ నది మీద ఆనకట్ట కట్టినప్పుడు ముంపుకి గురైన ఊళ్ళ నుంచి కొన్ని ఇళ్ళు తరలించి, 1961లో తెరిచారు. 1860ల నాటి పల్లె బతుకంతా అక్కడ కళ్ళకు కడుతుంది. పిండిమర, ఉన్ని మిల్లు అన్నీ చూపించాం గానీ, బాపు మాత్రం కమ్మరి కొట్టం దగ్గర ఆగి ఇక కదల్లేదు.

మాది నిజామాబాద్ జిల్లా. ఊళ్ళో బాపుది కొలిమి. నలభై ఏళ్ళు కర్రులు, కొడవళ్ళు, గొడ్డళ్ళు చేశాడు. కెనడా వచ్చాక ఈ మాట నేను నలుగురిలో చెప్పడం ఇదే మొదటిసారి. ఐదో గ్రేడ్ ప్రాజెక్టులో మా అబ్బాయి ‘మా తాత రైతు’ అని రాశాడు. అలా రాయించింది నేనే.

"సుత్తె మోత మారింది బిడ్డా. ఇనుము సల్లబడ్డది, మళ్ల కొలిమిల పెట్టాలె" అన్నాడు బాపు. మరుక్షణం ఆ కమ్మరి సరిగ్గా అదే పని చేశాడు. మావాడు నోరు తెరుచుకుని తాతవంక చూశాడు.

పక్కనున్న ఒక సందర్శకుడు ముచ్చటపడి జేబులోంచి కత్తి తీసి చూపించాడు. దాని మీద నీటి అలల్లాంటి గీతలు. "డమాస్కస్ ఉక్కు, సిరియా వాళ్ళ రహస్యం. మీ వైపు కమ్మరులు నాగళ్ళు చేసేవారు కదా?" అన్నాడు, ఎంతో మర్యాదగానే. నాకు జవాబు తోచలేదు.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. ఇప్పుడు ఆ పేరుతో అమ్మే కత్తులు చాలావరకు రెండు రకాల ఉక్కు పొరల్ని అతికి, మడిచి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినవి. పాతకాలపు అసలు కత్తుల ఉక్కు వేరు. ఇనుప ముక్కల్ని కట్టెపేళ్ళతోనో ఆకులతోనో మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చేవారు. కొన్నిచోట్ల ఆ కట్టె మన తంగేడే! అలా తయారైన ఉక్కు బిళ్ళల్ని సాగగొడితే అలలు ఆ ఉక్కులోనే ఏర్పడేవి. ఆ బిళ్ళలు చేసిన ఊళ్ళలో పేరు మోసింది మా జిల్లాలోని కోనసముద్రం. గోల్కొండ రాజ్యపు ఉక్కు పర్షియాకి పోయేదని 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే రాశాడు. కోనసముద్రంలో పనితీరును కళ్ళారా చూసి వోయ్‌సీ అనే ఆంగ్లేయుడు రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇరాన్ వ్యాపారులు అక్కడికే వచ్చి కొనుక్కునేవారట. పేరు మాత్రం డమాస్కస్‌కి దక్కింది.

మన ‘ఉక్కు’ 1795లో లండన్ శాస్త్రవేత్త పియర్సన్ వ్యాసంలో ‘వూట్జ్’ అయి కూర్చుంది. ఇది కన్నడ, తెలుగు మాటే చెవిన పడక చెడిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఐరోపా కమ్మరులు కొందరు ఆ ఉక్కును తమ అలవాటు కొద్దీ తెల్లగా కాల్చి కొడితే ముక్కలైంది. సరుకే మంచిది కాదనుకున్నారు.

ఇది చదివి వినిపిస్తే బాపు నవ్వాడు. "లారీ కమాన్ పట్టీ గూడ గంతే. ఎర్రగున్నప్పుడే కొట్టాలె. తెల్లగ గాలిస్తె పొడిపొడి అయితది."

"నువ్వు ఉక్కు చేశావా బాపూ?"

"నేనెన్నడు చెయ్యలె. మా తాత గూడ చెయ్యలె."

విలాయతీ ఫ్యాక్టరీ ఉక్కు చౌకగా దిగింది, బొగ్గుకు అడవి ఆంక్షలు వచ్చాయి. ఆ మూసలు ఎప్పుడో ఆరిపోయాయి. బాపుకి మిగిలింది కర్రులూ, కమాన్ పట్టీలూ, ఆ చెవీ. సిరియా అనుకున్న ఆ పెద్దమనిషికి తెలియక అన్నాడు. నాకేమయింది?

ప్రాజెక్టుకి మార్కులు ఎప్పుడో వచ్చేశాయి. అయినా మావాడు కొత్త కాగితం తీసి, తాతను అడిగి కొలిమి బొమ్మ గీశాడు. తిత్తి, సమ్మెట, పట్టకారు పేర్లు రాశాడు. ‘దాగలి’ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలని అడిగితే, బాపు చేత మూడుసార్లు పలికించి మరీ రాయించాను.