వాచ్ 'అంతా నార్మల్' అంది.. బావకి వచ్చింది హార్ట్ ఎటాక్!

ఈ సైట్‌లో ఇప్పటివరకూ చాలా స్మార్ట్‌వాచ్‌లు రివ్యూ చేశాను. ఈసీజీ ఉన్న ప్రతి వాచ్‌కీ హెల్త్ ఫీచర్స్ దగ్గర ఒక మార్కు ఎక్కువే వేసేవాడిని. ఇప్పుడు వేయట్లేదు. ఎందుకో చెప్తాను.

మొన్న మార్చిలో ఒక రాత్రి పదకొండున్నరకి మా బావ వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. హార్ట్ రేట్ 91, ఈసీజీ రిజల్ట్ 'సైనస్ రిథమ్'. కింద మెసేజ్: "బామ్మర్దీ, ఛాతీ పట్టేసినట్టుంది, చెమటలు కూడా పడుతున్నాయి. ఇది నార్మలే కదా?"

బావకి 36 ఏళ్లు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ వాచ్ కొనమన్నది కూడా నేనే. "నార్మలే బావా, గ్యాస్ అయ్యుంటుంది, పడుకో" అని రిప్లై ఇచ్చేసి ఫోన్ పక్కన పెట్టా.

తెల్లవారుజామున మూడింటికి అక్క ఫోన్. నొప్పి దవడ దాకా పాకింది, హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నాం అని. గుండెకి రక్తం ఇచ్చే నాళం ఒకటి పూర్తిగా మూసుకుపోయింది. స్టెంట్ వేశారు, బతికాడు. కానీ ఆ మూడున్నర గంటల్లో రక్తం అందక గుండె కండరం కొంత చచ్చిపోయింది. అది మళ్లీ పెరగదు.

మరి వాచ్ తప్పు చూపించిందా అంటే, లేదు. దాన్ని అడగకూడని ప్రశ్న మేం అడిగాం.

ఇంట్లో కరెంటు వైరింగ్ వేరు, నీళ్ల పైపులు వేరు కదా. గుండె కూడా అంతే. వాచ్ చూసేది వైరింగ్‌ని, అంటే గుండె లయ తప్పకుండా కొట్టుకుంటోందా అని. హార్ట్ ఎటాక్ అంటే పైపు మూసుకుపోవడం. పైపు మూసుకున్నా చాలాసార్లు లయ మామూలుగానే ఉంటుంది, అందుకే 'సైనస్ రిథమ్' అని వస్తుంది. పైగా వాచ్ ఈసీజీ అంటే రెండు చేతుల మధ్య తీసే ఒకే ఒక్క లీడ్. హాస్పిటల్‌లో పది ఎలక్ట్రోడ్లు పెట్టి 12 కోణాల నుంచి చూస్తారు. అందులోనూ మొదటిసారి తేడా కనపడకపోవచ్చు. అందుకే మళ్లీ మళ్లీ ఈసీజీ తీస్తారు, రక్తంలో ట్రోపోనిన్ టెస్ట్ చేస్తారు. యాపిల్ వాచ్‌లో అయితే ఇది హార్ట్ ఎటాక్‌ని చెక్ చేయదు అని ఈసీజీ యాప్‌లోనే రాసి ఉంటుంది. బావ వాచ్ వేరే బ్రాండ్, దాని మాన్యువల్‌లోనూ ఆ మాట ఉంది. రివ్యూ రాసేటప్పుడు నేను ఆ పేజీ తిప్పేశాను.

ఇక, 36 ఏళ్లకే ఎందుకొచ్చింది? 2021లో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకి పోయినప్పుడు, మరుసటి ఏడాది ఏపీ ఐటీ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్లకి పోయినప్పుడు అందరూ జిమ్‌నో, వ్యాక్సిన్‌నో తిట్టారు. 18 నుంచి 45 ఏళ్ల మధ్య వాళ్ల హఠాన్మరణాల మీద ఐసీఎంఆర్ చేసిన స్టడీ 2023లో వచ్చింది. వ్యాక్సిన్ వల్ల రిస్క్ పెరిగినట్టు అందులో తేలలేదు. కుటుంబంలో అలాంటి మరణాలు, కోవిడ్‌తో హాస్పిటల్‌లో చేరడం, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో విపరీతంగా మందు తాగడం లేదా తీవ్రంగా శారీరక శ్రమ చేయడం.. ఇలాంటివాటికే లింక్ కనిపించింది.

అసలు మన దక్షిణాసియా వాళ్లకి హార్ట్ ఎటాక్ ముందే వస్తుందని 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ స్టడీ ఎప్పుడో చెప్పింది. మొదటి ఎటాక్ వచ్చే సగటు వయసు మనకి 53, మిగతా వాళ్లకి దాదాపు 59. జీన్స్ మాత్రమే కాదు, సిగరెట్, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, పొట్ట దగ్గరి కొవ్వు.. ఇవి మనవాళ్లలో చిన్న వయసులోనే మొదలవుతున్నాయి. నాళాల్లో కొవ్వు పేరుకోవడం చాలా ముందే మొదలవుతుంది, నొప్పీ ఉండదు, నోటిఫికేషనూ రాదు. ఒక రోజు ఆ కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకడుతుంది. నిన్నటిదాకా బాగానే ఉన్నాడు అనేది ఇందుకే. సిగరెట్ తాగేవాళ్లలో ఆ గడ్డ ఇంకా తొందరగా కడుతుంది.

బావ రోజుకి ఆరేడు సిగరెట్లు తాగేవాడు. వాళ్ల నాన్నకి 49లోనే గుండెపోటు వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోలేదు. వాచ్‌కి 28 వేలు పెట్టాడు, కొన్ని వందలయ్యే టెస్ట్‌కి మాత్రం టైమ్ దొరకలేదు. లైపోప్రొటీన్-ఏ అని ఇంకో టెస్ట్ ఉంది. అది చాలావరకు పుట్టుకతో వచ్చేదే, కాబట్టి జీవితంలో ఒకసారి చూసుకుంటే చాలంటారు. బావకి అది బాగా ఎక్కువుంది.

వాచ్ పనికిరాదని కాదు. లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ని కొన్ని బాగానే పట్టుకుంటాయి. కింద పడితే ఇంట్లోవాళ్లకి కాల్ వెళ్లే ఫీచర్ నాకిప్పటికీ ఇష్టమే. కానీ ఛాతీలో బరువు, చెమటలు, చేతికో దవడకో పాకే నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం.. ఇవి ఉంటే వాచ్ వైపు చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. స్క్రీన్‌షాట్ ఎవరికీ పంపొద్దు, ముఖ్యంగా నాలాంటి వాళ్లకి.

బావ ఇప్పటికీ అదే వాచ్ పెట్టుకుంటున్నాడు, ట్యాబ్లెట్ల అలారం కోసం. సిగరెట్ మానేశాడు. అక్క మాత్రం నాతో ఆ రాత్రి గురించి ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

పోయిన వారం నేనూ లిపిడ్ ప్రొఫైల్ చేయించుకున్నా. నాకు 31, సిగరెట్ అలవాటు లేదు. ఎల్‌డీఎల్ 168 వచ్చింది. గురువారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా.